ట్యూబ్‌లైటు ముందు స్కాను ఫొటో... ఇదా మన టెలీరేడియాలజీ?

"అన్నా, నాన్నకి స్కాన్ తీశారు, ఫొటో పెడుతున్నా, మీ డాక్టర్ ఫ్రెండుకి చూపించవా?" మన ఐటీ జనాల్లో ఇలాంటి మెసేజీ రానివాళ్ళు తక్కువ. ఊళ్ళో తమ్ముడు ఫిల్ముని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని సెల్లుతో ఫొటో కొడతాడు. అది హైదరాబాదుకో, డల్లాస్‌కో వెళ్ళి, అక్కణ్ణుంచి డాక్టరు గారికి చేరుతుంది. ఆయన మొహమాటానికి "పెద్దగా ఏమీ కనపడట్లేదు" అంటారు. ఇంటిల్లిపాదీ "హమ్మయ్య" అనుకుంటారు.

కనపడట్లేదంటే లేదని కాదు మహాప్రభో!

ఇంతమాత్రాన "ఫోన్లో స్కాన్ చూడటమే తప్పు" అనే పెద్దమనుషులతో కలిసిపోయాననుకోకండి. 2011 ఫిబ్రవరిలోనే అమెరికా ఎఫ్‌డీఏ, ఐఫోన్‌లో సీటీ, ఎమ్మారై చూసి జబ్బు నిర్ధారించడానికి మొబైల్ మిమ్ అనే యాప్‌కి అనుమతిచ్చింది. ఊరికే ఇవ్వలేదు లెండి. తెర వెలుగు, రిజల్యూషను పరీక్షించారు. రకరకాల వెలుతురుల్లో రేడియాలజిస్టుల చేత చూపించారు. యాప్‌లోనే ఓ చిన్న పరీక్ష ఉంటుంది: తెరమీద కాస్త ఛాయ తేడాగా ఉన్న చోటుని వేలితో తాకాలి. తాకలేకపోయారా, గదిలో వెలుతురు అందుకు తగినట్టు లేదన్నమాట. పైగా వర్క్‌స్టేషను అందుబాటులో లేనప్పుడే వాడాలని షరతు.

కాబట్టి గొడవ ఫోనుతో కాదు, అందులో మనం పంపే సరుకుతో. సీటీ మెషీను ఇచ్చేది డైకామ్ ఫైలు. పిక్సెల్‌కి మామూలుగా 12 బిట్లు, అంటే 4096 స్థాయిలు. నీళ్ళు 0, గాలి మైనస్ 1000. మెదడులో గ్రే మేటరుకీ వైట్ మేటరుకీ మధ్య తేడా ఓ పది యూనిట్లుంటే గొప్ప. అందుకే డాక్టరు విండో మారుస్తూ చూస్తాడు, మెదడుకి ఒకటి, ఎముకకి ఒకటి. పుర్రెని ఆనుకున్న పల్చటి రక్తస్రావం మెదడు విండోలో ఎముక తెలుపులో కలిసిపోవచ్చు. విండో వెడల్పు చేస్తే బయటపడుతుంది. ఫిల్ము మీదేమో ఎవరో ముందే ఎంచిన విండో అచ్చయిపోయి ఉంటుంది. దానికి ఫొటో తీస్తే 8 బిట్లు, మీద ట్యూబ్‌లైటు మెరుపు, ఆపైన వాట్సాప్ కుదింపు. ఇక ఎంత జూమ్ చేస్తే ఏం లాభం?

ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ఎవడైనా లాగ్ ఫైలు బదులు మానిటరుకి ఫొటో తీసి పంపితే మనం ఏమంటామో తెలుసు కదా. సర్వరుకున్న గౌరవం నాన్న మెదడుకి లేదా?

"పల్లెటూళ్ళో రేడియాలజిస్టు ఎక్కడ దొరుకుతాడండీ, ఏదో ఒకటి నయం కదా" అంటారు. ఇందులో సగం నిజముంది. గడ్డ కట్టి వచ్చిన పక్షవాతంలో, గడ్డ కరిగించే మందుకి ఉన్న గడువు మామూలుగా నాలుగున్నర గంటలు. అది ఇచ్చే ముందు రక్తస్రావం లేదని సీటీలో తేల్చుకోవాలి. అర్ధరాత్రి ఫోన్లో చూసి చెప్పే డాక్టరు అప్పుడు దేవుడే. కానీ అంత తొందరున్న చోటే కదా సరైన ఫైలు కావాల్సింది! 512 బై 512 స్లైసు ఒకటి సుమారు అర ఎంబీ. వంద స్లైసులైతే 50 ఎంబీ. 4జీకి అదో బరువా? ఆర్థాంక్ సర్వరు, బ్రౌజర్లో నడిచే ఓహెచ్ఐఎఫ్ వ్యూయరు రెండూ ఓపెన్ సోర్సే. ఫిల్ము మూల ఉన్న పేరూ వయసుతో సహా చుట్టాల గ్రూపులన్నీ తిరిగే ఫొటో కంటే పాస్‌వర్డ్ ఉన్న లింకు మేలు కాదూ?

మన చేతిలో ఉన్న పని చిన్నది. స్కాన్ సెంటర్లో ఫిల్ముతో పాటు డైకామ్ సీడీనో, లింకో అడిగి తీసుకోండి. రోగి అడిగితే డాక్టరు 72 గంటల్లో వైద్య రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. కోడు రాయగలిగినవాళ్ళు మీ ఊరి సెంటరుకి ఓ సర్వరు పెట్టివ్వండి, డాక్టర్ల చేతే పరీక్ష చేయించండి. పదకొండో టు-డూ యాప్ రాయడం కంటే పుణ్యం.

"అబ్బే, ఫొటో చాల్లే" అనేవాళ్ళు కారణం చెప్పండి, వింటాను.