హంతకుడెవరో మనకెలా తెలిసింది?

పోస్టు కొంచెం పెద్దదే. రేపు ఆదివారం కదా, ఓపిగ్గా చదవండి.

మన ఏజెన్సీలో జరిగిన హత్య గురించి వారం నుంచి గ్రూపు ఆగకుండా మోగుతోంది. ఊరి పేరు, చనిపోయిన మనిషి పేరు నేను రాయను, మీకు తెలుసు. పోలీసులు ఇంతవరకు ఎవరినీ అరెస్టు చేయలేదు. మన గ్రూపులో మాత్రం అప్పుడే ముగ్గురు హంతకులు దొరికేశారు. ఒకరు చుట్టమట, ఒకరు సంతకి వచ్చే షావుకారట. మూడోవాడు పక్క ఊరి కుర్రాడు. వాడి ఫొటో మీద ఎర్ర గీతతో సున్నా చుట్టి, కింద "వీడే" అని రాశారు. ఎలా తెలిసింది అని అడిగితే "అందరూ అంటున్నారు" అన్నారు. ఆ అందరూ ఎవరు? మనమే. మనం అన్నది నాలుగు గ్రూపులు తిరిగి మళ్లీ మన దగ్గరికే వచ్చింది.

ఆ మూడోవాడి గురించే నా బాధ. షావుకారుకి లాయర్ ఉంటాడు. చుట్టానికి ఊళ్లో మనుషులున్నారు. ఈ కుర్రాడు బడి మానేసి కూలికి వెళ్తాడు, తెలుగు కూడా సరిగ్గా రాదు. రేపు కేసు తేల్చమని పైనుంచి ఒత్తిడి వచ్చిందనుకోండి, ఎవరిని పట్టుకోవడం తేలికో మనం ముందే చూపించి పెట్టాం.

ఊరికే భయపెట్టడానికి అనట్లేదు. ఇలా జరిగిన కేసు మన రాష్ట్రంలోనే ఉంది. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో 17 ఏళ్ల అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. బీఫార్మసీ చదువుకోడానికి తెనాలి నుంచి వచ్చిన పిల్ల. ఆమె పేరు మీ అందరికీ తెలుసు. అయినా నేను రాయను. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదని చట్టం ఉంది, పాత ఐపీసీలో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72. (వాట్సాప్ స్టేటస్‌కి కూడా ఇది వర్తిస్తుంది. స్టేటస్ పెట్టేముందు గుర్తుంచుకోండి.)

పక్క గదుల్లో అమ్మాయిలు నిద్రపోతున్నారు, అయినా ఎవరికీ తెలియలేదన్నారు. ఇక ఊహలు మొదలయ్యాయి. రాజకీయ నాయకుల బంధువుల పేర్లు వినిపించాయి. జనం రోడ్డెక్కారు. పోలీసులు ముందు ఒకరన్నారు, తర్వాత ఇంకొకరన్నారు. చివరికి 2008 ఆగస్టులో నందిగామ వైపు ఒక పేద దళిత కుర్రాడిని తెచ్చి, ఇతనే చేశాడన్నారు. ఆ అబ్బాయికి నరాల జబ్బు, జీబీఎస్ అంటారు, కాళ్లలో బలం ఉండదు. నడవడానికే మనిషి సాయం కావాల్సిన వాడు రాత్రిపూట గోడ దూకి, హాస్టల్లోకి పోయి, అంత పని చేసి, ఎవరికీ తెలియకుండా తిరిగి పోయాడని కథ. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ కథ నమ్మలేదు. నిర్దోషి అని విడిచిపెట్టి, అతనికి లక్ష రూపాయలు ఇవ్వమంది. దర్యాప్తు చేసినవాళ్లని తప్పుపట్టింది. అప్పటికి ఎనిమిదేళ్ల పైన జైల్లో ఉన్నాడు. లెక్కేసుకోండి, మనం ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే వయసు మొత్తం అక్కడే పోయింది.

తర్వాత 2018లో హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. వాళ్లు వచ్చి చూస్తే, విజయవాడ కోర్టులో దాచిన సాక్ష్యం వస్తువులు ఎప్పుడో ధ్వంసం చేసేశారు. 2019 డిసెంబర్లో, పన్నెండేళ్ల తర్వాత, తెనాలిలో ఆ పిల్ల సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. చంపింది ఎవరో ఇప్పటికీ ఏ కోర్టూ తేల్చలేదు.

ఈ కేసు చదువుతుంటే నన్ను పట్టుకున్నది ఆ తల్లిదండ్రుల మాట. పోలీసులు "ఇదిగో మీ కూతుర్ని చంపినవాడు" అని మనిషిని తెచ్చి చూపిస్తే, ఇతను కాదు అన్నారు వాళ్లు. ఇన్నేళ్లూ అదే మాట మీద నిలబడ్డారు. కూతురు పోయిన తల్లికి కోపం లేకనా? మనకి ఆమె కంటే ఎక్కువ కోపం ఉందా? ఆమెకి కావాల్సింది చంపినవాడు. ఎవడో ఒకడు కాదు.

అదే 2007లో మన దగ్గర వాకపల్లి జరిగింది. ఆగస్టు 20. కువి మాట్లాడే మన కొందు ఆడవాళ్లు 11 మంది, కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు మాపై అత్యాచారం చేశారని చెప్పారు. అది హత్య కేసు కాదు, తెలుసు. ఎందుకు చెప్తున్నానంటే, కేసు దర్యాప్తులోనే ఎలా చచ్చిపోతుందో అక్కడ కనిపిస్తుంది. 2023 ఏప్రిల్లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. ఆ తీర్పులోనే దర్యాప్తు అధికారులు సరిగ్గా దర్యాప్తు చేయలేదని చెప్పి, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. అంటే ఏంటి? నేరం జరగలేదనలేదు. నేరం రుజువు చేయాల్సినవాళ్లు చేయలేదు. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే చేతికొచ్చింది ఇది.

ఒక చోట ఎవరో ఒకడిని పట్టుకున్నారు. ఇంకో చోట ఎవరినీ గుర్తించే పని సరిగ్గా చేయలేదు. రెండింట్లోనూ మొదటి రోజుల్లో జరగాల్సిన పని జరగలేదు. తర్వాత ఎంత పెద్ద కోర్టు వచ్చినా ఆ రోజుల్ని తిరిగి తేలేదు.

"తమ్ముడూ, మనం గోల చేయకపోతే పోలీసులు కదలరు" అని ఒక అన్న రాశారు. నిజమే అన్నా. వాకపల్లి ఆడవాళ్లు గొంతెత్తకపోతే ఆ కేసు కోర్టు గుమ్మం కూడా ఎక్కేది కాదు. కానీ దేనికోసం గోల చేస్తున్నాం అన్నది చూడాలి కదా. దర్యాప్తు చేయండి అని అడిగితే దర్యాప్తు చేయక తప్పదు. మనిషిని చూపించండి అని అడిగితే ఒక మనిషిని చూపిస్తారు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురిని ఎన్‌కౌంటర్ చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథ నమ్మశక్యంగా లేదంది, చంపాలనే కాల్చారంది, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. తెనాలిలో సమాధి తవ్వింది కూడా ఆ నెలలోనే. ఒకే నెలలో ఒక చోట పూలు, ఒక చోట పలుగు, పార.

మనవాళ్లకి ఊహ ఎంత ప్రమాదమో ఎవరూ చెప్పక్కర్లేదు. చిల్లంగి పేరుతో మన ఊళ్లలో ఏం జరుగుతుందో చూస్తూ పెరిగాం. ఒక పిల్లాడు జ్వరంతో పోతాడు. ఎందుకు పోయాడో ఎవరికీ తెలీదు, డాక్టరు దగ్గరికి డోలీలో తీసుకెళ్లే లోపే అయిపోయింది. తెలీకపోవడం తట్టుకోలేం. అందుకని కారణం వెతుకుతాం. ఒంటరిగా ఉండే ముసలాయన ఎవరో గుర్తొస్తాడు. ఒకరంటారు, ఇద్దరంటారు, వారం తిరిగేసరికి ఊరంతా అంటుంది. ఆ తర్వాత ముసలాయన శవం దొరుకుతుంది. మనం చదువుకున్నాం, చిల్లంగి నమ్మం అని చెప్పుకుంటాం. ఎర్ర సున్నా చుట్టిన ఆ ఫొటోకి, దీనికి తేడా ఏంటో నాకైతే కనపడలేదు.

గ్రూపులో ఎరుకల తమ్ముళ్లు కూడా ఉన్నారు. వాళ్ల తాతల్ని పుట్టుకతోనే నేరస్తులన్నారు బ్రిటిషోళ్లు, 1871లో చట్టం చేసి మరీ. అది 1952లో పోయింది. చట్టం పోయింది గానీ దొంగతనం జరిగితే ముందు ఎవరి గుమ్మం ముందుకి జీపు వస్తుందో వాళ్లనే అడగండి. "జై భీమ్" వచ్చినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టాం, ఏడ్చాం కూడా. ఆ సినిమాలో మొదట వేలు చూపించింది ఎవరు, పోలీసా, ఊళ్లో పెద్దమనుషులా? మళ్లీ చూడండి.

సరే, ఏం అడగాలి అంటారా. ఇప్పుడు హత్య లాంటి పెద్ద కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్పాట్‌కి రావాలని కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 176 చెప్తోంది. రాష్ట్రాలకి ఏర్పాటు చేసుకోడానికి గడువిచ్చారు. మన ఊరికి వచ్చారా? శవ పంచనామా మీద సంతకాలు పెట్టినవాళ్లకి అందులో ఏముందో ఎవరైనా వాళ్ల భాషలో చదివి వినిపించారా? ఇది చిన్న విషయం కాదు. మన పెద్దోళ్లు కాగితం ఇస్తే వేలిముద్ర వేసేస్తారు, తెల్ల కాగితమైనా సరే. కువిలో చెప్పిన మాట తెలుగులో స్టేట్‌మెంట్ అయ్యేసరికి ఎంత మారుతుందో మనకి తెలుసు, మనం ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి మాట్లాడి పెరిగినవాళ్లం. పక్కన కూర్చుని చదివి చెప్పడానికి డిగ్రీ పిల్లలు ఇద్దరు చాలు.

ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకి ఫ్రీగా ఇవ్వాలి. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో కూడా వాళ్లకి పోలీసులే చెప్పాలి, బీఎన్ఎస్ఎస్ 193లో ఉంది. చనిపోయినవాళ్ల ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఆ కుర్రాడిని తీసుకెళ్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. స్టేషన్లో ఒప్పుకున్నాడు అని పేపర్లో వస్తే నమ్మేయకండి, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నేరానికి రుజువు కాదు. ఎస్టీలకి లాయర్ ఉచితం, 15100కి ఫోన్ చేయొచ్చు. ఇవన్నీ ఆ కుర్రాడు మంచివాడని చెప్పడానికి కాదు. అతను చేశాడో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు.

ఇంకోటి, ఎవరికైనా నిజంగా ఏదైనా తెలిస్తే, ఆ రోజు ఏదైనా చూసి ఉంటే, దయచేసి గ్రూపులో పెట్టకండి. గ్రూపులో పెడితే చంపినవాడు కూడా చదువుతాడు. చూసింది తారీకు, టైముతో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, లాయర్‌ని తోడు తీసుకుని స్టేషన్లో చెప్పండి.

అడ్మిన్ అన్నా, ఆ ఫొటో ఈ రాత్రికే తీసేయండి. వేరే గ్రూపులకి పంపినవాళ్లు అక్కడ కూడా తీయించండి. నేను, మా హాస్టల్ నుంచి ఇంకో ఇద్దరం వచ్చే శనివారం ఆ ఊరు వెళ్తున్నాం, చనిపోయినవాళ్ల ఇంటికి, ఎఫ్ఐఆర్ కాపీ వచ్చిందో లేదో కనుక్కోడానికి. మాలో ఎవరికీ కువి బాగా రాదు. వచ్చినవాళ్లు ఒకరు తోడు రండి. బస్సు పొద్దున్న ఆరింటికి.