అటక మీది కంప్యూటర్ని అప్పుడే అమ్మేయకండి

పెరంబూరు ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్న సంగతి మన వాళ్ళందరికీ తెలిసిందే. సంక్రాంతి లోపల ఖాళీ చేయాలి. అటక మీది సామాను దింపి ఒక మూల పోశారు. అందులో బావ పాత కంప్యూటర్ ఉంది. దాన్ని కాయలాన్ కడైకి వేసేద్దామని అందరూ తీర్మానించారు, తూకానికి ఎంతొస్తే అంతని. నేనొక్కణ్ణే వద్దన్నాను. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, వదిన నవ్వింది కూడా. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ కంప్యూటర్ మన ఇంట్లో చేసిన ముఖ్యమైన పని గేమ్ డిస్కులు కాల్చడం. దాచేదేముంది? 2002లో బావ దానికి సీడీ రైటర్ పెట్టించింది చదువు కోసమని మామయ్యకి చెప్పాడు గానీ, అసలు కారణం ప్లేస్టేషన్. చిన్న మామయ్య సింగపూర్ నుంచి తెచ్చిన బూడిదరంగు డబ్బా, దాంతో పాటు రెండు ఒరిజినల్ గేములు. అడుగున నల్లగా ఉండే డిస్కులు, వెలుతురుకి పట్టి చూస్తే ముదురు ఎర్రగా కనిపించేవి. నేను కోలారు నుంచి ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు ఆ రెంటి మీదే మా బతుకు. మిగతావి బర్మా బజార్ సరుకు.

బర్మా బజార్ గురించి పిల్లలకి ఒక మాట. బీచ్ స్టేషన్ దగ్గరి ఆ అంగళ్ళ వరస 1969లో బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ళ బతుకుతెరువు కోసం ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆ దేశంలో మన తెలుగు కూలీలు కూడా వేలల్లో ఉండేవాళ్ళు, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్ళారు కాబట్టి అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. మేం ఆ బజారుకి వెళ్ళింది మాత్రం టెక్కెన్ 3 కోసం. ప్లాస్టిక్ కవరు, జిరాక్స్ బొమ్మ, లోపల బంగారు రంగు డిస్కు. అది దొంగ సరుకే. అప్పుడు తెలియదు అనడం అబద్ధం, పట్టించుకోలేదు, అంతే.

ఒరిజినల్ డిస్కుని మామూలు రైటర్లో కాపీ చేసి ప్లేస్టేషన్‌లో పెడితే ఆడదు. ఎందుకో అప్పట్లో మాకు తెలియదు, టెస్టింగ్ ఉద్యోగంలో పడ్డాక సరదాకి చదివి తెలుసుకున్నాను. ఫ్యాక్టరీలో చేసిన డిస్కు మొదట్లో, లేజర్ నడిచే దారిని కావాలనే కొంచెం వంకరగా వేస్తారు. ఆ వంకరలో నాలుగు అక్షరాలు దాగి ఉంటాయి. ఎస్‌సీఈ తర్వాత ఐ ఉంటే జపాన్, ఏ ఉంటే అమెరికా, ఇంకో ఈ ఉంటే యూరప్. ఇంట్లో రైటర్ ఎంత మంచిదైనా ఆ వంకర రాయలేదు, ఖాళీ డిస్కులో దారి ముందే గీసి వస్తుంది కాబట్టి. డబ్బాలో చిన్న చిప్ అతికిస్తే ఆ అక్షరాలు అదే చెప్తుంది. రిచీ స్ట్రీట్‌లో ఒకాయన మా కళ్ళ ముందే నాలుగైదు తీగలు అతికించి ఇచ్చాడు. మూత తెరిచి లోపల చూసిన ఆ పది నిమిషాలే నన్ను ఈ లైన్లోకి తెచ్చాయేమో.

కాల్చడం అంటే ఇప్పటి పిల్లలకి ఫైలు కాపీ చేసినట్టు అనిపిస్తుంది. అప్పుడు అది పెళ్ళివంట. కంప్యూటర్ ఆగకుండా డేటా అందించాలి, మధ్యలో ఒక్క క్షణం అందకపోతే డిస్కు చెడిపోయినట్టే. బావ రైటర్ దాన్ని కాచుకునే రకమే అయినా, పక్కింటి అన్న పాత రైటర్‌తో పడ్డ పాట్లు విని మాకు భయం పట్టుకుంది. కాలుతున్నంత సేపు మౌస్ ముట్టుకోకూడదు. అత్తయ్య మిక్సీ వేయకూడదు, లైటు మిణుకుమంటే బావకి ప్రాణం పోయేది. ఒకసారి పచ్చడి కోసం అరగంట ఆగాల్సి వచ్చిందని అత్తయ్య ఇప్పటికీ చెప్తుంది.

మొదటి కాపీ రిడ్జ్ రేసర్. కార్ల పందెం గేమ్, 1994లో ప్లేస్టేషన్‌తో పాటే జపాన్‌లో వచ్చింది. మా ఒరిజినల్ గీతలు పడుతుంటే దాన్ని దాచి కాపీతో ఆడదామని బావ ఆలోచన. కాల్చాడు, గేమ్ ఆడింది, కానీ పాట లేదు. కార్ల మోత తప్ప ఏమీ లేదు. ఆ డిస్కులో మొదటి ట్రాక్ గేమ్ అయితే, వెనకాల ఉన్నవన్నీ మామూలు ఆడియో సీడీలో ఉండేలాంటి పాటల ట్రాక్‌లు. బావ మొదటి ట్రాక్ ఒక్కటే ఎత్తాడు. డిస్కుని మొత్తంగా, ఉన్నదున్నట్టు ఎత్తి, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న క్యూ ఫైలుతో కలిపి రాస్తేనే పాట వస్తుంది. రెండోసారి అలాగే చేశాడు. ఆ తర్వాత ఏ డిస్కు కాల్చినా పెట్టి చూసి, పాట వినిపిస్తేనే పేరు రాసేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రిడ్జ్ రేసర్‌లో ఇంకో తమాషా ఉంది. గేమ్ మొత్తం మెమరీలోకి ఎక్కేస్తుంది. ఎక్కాక మూత తెరిచి గేమ్ డిస్కు తీసేసి ఏ పాటల సీడీ అయినా పెట్టుకోవచ్చు, పందెం సాగుతూనే ఉంటుంది, వెనకాల మన పాట. పాటల డిస్కుకి చిప్ కూడా అక్కర్లేదు. మేం ఘంటసాల పాటలు పెట్టుకుని కార్లు తోలాం. అవి అయిపోయాక అవ్వని పెట్టాం.

అవ్వ అంటే మన అవ్వే. 1998లో అవ్వ పెరంబూరు వచ్చినప్పుడు మామయ్య టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టి క్యాసెట్ నింపాడు. జోలపాటలు, మంగళహారతులు, మధ్యమధ్యలో మాటలు. 2002లో బావ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ముక్కలు చేసి, పన్నెండు ట్రాక్‌ల సీడీ చేశాడు. అవ్వ పోయాక ఆ సీడీ బీరువాలో చేరింది, పట్టుబట్ట సంచిలో, అవ్వ కుంకుమ భరిణె పక్కన. క్యాసెట్ ఎప్పుడో బూజు పట్టి పోయింది. సీడీ ఉంది కదా అని ఎవరికీ బాధ కలగలేదు.

పోయిన నెల ఇల్లు సర్దుతూ ఆ సీడీ తీశాం. నా లాప్‌టాప్‌కి బయటి సీడీ డ్రైవ్ తగిలించి పెడితే, తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. డిస్కు లేదంది. అప్పుడు అత్తయ్య ముఖం ఎలా ఉందో రాయలేను.

అటక మీది కంప్యూటర్ దింపాను. బ్యాటరీ పోయి తేదీ 2002 జనవరి 1 అని చూపించింది, అంతే, మిగతా అంతా లేచింది. ఆ డిస్కు రాసిన డ్రైవే కదా, దాంట్లోనే పెట్టాను. చదివింది. ఇది రూలు అని నేను అనను, ఒక్కో డ్రైవ్ లేజర్ ఒక్కో రకం, కొత్తది చదివి పాతది చదవని డిస్కులూ ఉంటాయి. కానీ మన విషయంలో ఇలా జరిగింది. అనుమానం వచ్చిన చోట మళ్ళీ మళ్ళీ చదివి సరిచూసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ వేసి వదిలాను. ఒక్క ట్రాక్‌కి రాత్రంతా పట్టింది. ఆరు ట్రాక్‌లు బాగా వచ్చాయి. ఏడు నుంచి చెత్త మోత.

కారణం డిస్కులోనే ఉంది. ఇంట్లో రాసే సీడీలో గుంటలేమీ పడవు. రంగు పూత ఒకటి ఉంటుంది, లేజర్ వేడికి అది అక్కడక్కడ మారుతుంది, ఆ మార్పే రాత. ఆ పూత మీద అద్దంలాంటి పల్చటి పొర, దాని మీద ఇంత లక్క. అంటే పేరు రాసే వైపే డిస్కుకి ప్రాణం. మనం అడుగు వైపు గీతలు పడకుండా చూసుకుంటాం, పైన బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తాం. అవ్వ సీడీ మీద ఎవరో అంచు చుట్టూ బాల్‌పెన్‌తో తేదీ, తిథి, నక్షత్రం అన్నీ రాశారు. సీడీ లోపలి నుంచి బయటికి నిండుతుంది, కాబట్టి చివరి పాటలు అంచు దగ్గరే ఉంటాయి. దానికి తోడు మద్రాసు ఉప్పుగాలి. పైగా పాటల సీడీకి తట్టుకునే శక్తి తక్కువ. డేటా డిస్కులో ఒక్కో సెక్టారుకి ఉన్న 2,352 బైట్లలో 2,048 అసలు సరుకు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం పొరపాట్లు సర్దుకోవడానికే. పాటల డిస్కులో ఆ 2,352 మొత్తం పాటే.

అప్పుడు గేమ్ సంచి గుర్తొచ్చింది. పందెంలో పెట్టుకోవడానికి బావ అవ్వ సీడీకి ఇంకో కాపీ చేశాడు, అసలు దాన్ని ముట్టుకుంటే అత్తయ్య కొడుతుందని. సంచిలో టెక్కెన్ కింద ఉంది. దాని మీద నా రాతే, స్కెచ్ పెన్‌తో, కన్నడ లిపిలో "అవ్వ రేస్" అని. నాకు అప్పటికి వచ్చిన లిపి అదొక్కటే. తెలుగు తెలిసిన వాళ్ళకి కన్నడ అక్షరాలు చదవడం పెద్ద కష్టమేం కాదు, కానీ ఆ ఇంట్లో ఇప్పుడు తెలుగు చదివేది అత్తయ్య ఒక్కతే, ఆవిడ గేమ్ సంచి ముట్టుకోదు. పిల్లలు దాన్ని ఏదో గేమ్ అనుకున్నారు.

అడుగంతా గీతలే. అయినా ఏడు నుంచి పదకొండు దాకా వచ్చాయి, ఎనిమిదిలో టక్ టక్ మంటుంది అంతే. పన్నెండు రెంటిలోనూ లేదు. పన్నెండులో ఏముందో ఎవరికీ గుర్తులేదు. బావ మాటలన్నాడు, అత్తయ్య హారతి అంది. మామయ్య ఉంటే చెప్పేవాడు.

నా గొడవ ఇదే. బీరువాలో పెట్టిన డిస్కుని ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ పెట్టి వినలేదు. మధ్యలో ఒక్కసారి విని ఉంటే, పాడవడం మొదలైనప్పుడే తెలిసేది, పన్నెండు ట్రాక్‌లూ దక్కేవి. గేమ్ డిస్కులకి ఆ ఖర్మ పట్టలేదు. ఆడకపోతే ఆ సాయంత్రమే తెలిసిపోయేది, ఇంకోటి కాల్చేవాళ్ళం. చదువు పాడు చేసుకుంటున్నారని తిట్లు తిన్న ఆ పనిలోనే కాపీ చేయడం, సరిచూడటం, పేరు రాయడం అన్నీ జరిగాయి. పరువైన వస్తువులకి పట్టుబట్ట చుట్టడం తప్ప మనం ఏమీ చేయలేదు. నా ఉద్యోగంలో సరిచూడని పనిని అయిందని రాస్తే నా మేనేజర్ ఊరుకోడు. ఇంట్లో మాత్రం "కాపీ ఉంది" అనేస్తాం.

బావ ఒక మాటన్నాడు, అది నిజమే. ఇప్పుడు ఆ గేములన్నీ ఫోన్లోనే ఆడుకోవచ్చు, డిస్కులెందుకు, కంప్యూటర్ ఎందుకు అని. కానీ ఫోన్లో ఆడేది కూడా ఎవరో ఒకరు ఏదో డ్రైవ్‌లో డిస్కు పెట్టి ఎత్తిందే. టెక్కెన్ ఎత్తడానికి లోకంలో వెయ్యి మంది ఉన్నారు. అవ్వని ఎత్తడానికి ఎవరున్నారు? మన పెళ్ళిళ్ళ వీసీడీలు, గృహప్రవేశం ఫోటోల సీడీలు, నెల్లూరు వాళ్ళ ఉపనయనం, అన్నీ మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. కొత్త లాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే ఉండటం లేదు. ఒకప్పుడు మనందరి ఇళ్ళలో ఉన్న ఖాళీ సీడీలు చేసిన మోజర్ బేర్ కంపెనీ దివాలా తీసి 2018లో మూతపడే దశకి వచ్చేసింది. 28 రూపాయలకి సినిమా వీసీడీ అమ్మిన కంపెనీ అది, మనలాంటి పక్క రాష్ట్రాల వాళ్ళకి అప్పట్లో తెలుగు సినిమా ఇంటికి రావడమంటే అదే.

చట్టం సంగతి కూడా అడిగారు. కొన్న ప్రోగ్రామ్ పోకుండా, పాడవకుండా కాపీ దాచుకోవడానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో చోటుంది. 2012లో వచ్చిన 65ఏ మాత్రం, హక్కు కాజేయాలని తాళం విరిస్తే తప్పంటుంది. నా లెక్కలో ఆ రెండు ఒరిజినళ్ళ కాపీలు మనవి. బర్మా బజార్‌వి మనవి కావు, వాటిని నేను మళ్ళీ కాల్చను. అవ్వ గొంతుకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

కాబట్టి ఆ కంప్యూటర్ని నేను మా ఇంటికి తీసుకెళ్తున్నా. నాకున్నది రెండు గదుల వాటా, అయినా మంచం కింద పడుతుంది. మీ ఇళ్ళలో ఉన్న సీడీలన్నీ సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురండి. గీతలు పడ్డవి, పేరు లేనివి, గేమ్ అనుకున్నవి కూడా. తుడవకండి, స్టిక్కర్లు పీకకండి, పీకితే అద్దం పొర ఊడి వచ్చేస్తుంది. మామూలు పెన్నుతో ఏమీ రాయకండి, ఏ ఇంటిదో కాగితం మీద రాసి కవర్లో పెట్టండి. ఒక్కోటి రెండుసార్లు ఎత్తి, రెండూ ఒకటేనా కాదా సరిచూసి, తర్వాత మీ అందరికీ పంపిస్తా. మీరు చేయాల్సింది ఒకటే, వచ్చిన రోజే తెరిచి చివరిదాకా వినండి.

తొందర ఎందుకంటే డ్రైవ్ తలుపు ఇప్పటికే రెండుసార్లు ఇరుక్కుంది. పిన్నీసుతో పొడిస్తే గానీ బయటికి రావడం లేదు.