వలలు ఆగితేనే చేప పెరుగుతుంది

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్లు వేటకు పోవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధం. ఇల్లు గడవడం కష్టమైనా దాని అర్థమేమిటో తీరానికి తెలుసు. దాదాపు అవే రోజుల్లో బడులకూ సెలవులు. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు. చేపకిచ్చిన గడువు పిల్లలకివ్వడానికి మాత్రం మనకు మనసొప్పదు. పులికాట్ సరస్సు పక్కనున్న తడలో అడిగినా నెల్లూరులో అడిగినా ఒకటే మాట: "ఊరికే వదిలేస్తే చదివిందంతా మర్చిపోతారు. ఏదో ఒక కోచింగ్‌లో చేర్చండి." పిల్లల మీద ప్రేమతో అంటున్నదే అయినా ఈ మాట తప్పు.

మర్చిపోవడం అబద్ధమని నేననను. 1996లో అమెరికాలో హారిస్ కూపర్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, వేసవిలో పిల్లలు సగటున ఓ నెల చదువంత వెనకబడతారని తేల్చింది. ఎక్కువగా జారిపోయేవి లెక్కలు చేసే పద్ధతీ, స్పెల్లింగూ. చదవడంలో మాత్రం పేదింటి పిల్లలే నష్టపోయారు. ఇంట్లో పుస్తకం లేనిచోట మందు పుస్తకమే అవుతుంది, ఇంకో పరీక్ష ఎలా అవుతుంది? సంచి బరువు కన్నా అర్థంకాని చదువు బరువే ఎక్కువని, బడిపిల్లల భారాన్ని పరిశీలించిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. ఆ బరువును సెలవుల్లోకీ మోయించడం ఏం న్యాయం?

తడ పిల్లలకు పాఠాలు కరువా? 2023 మే 29న, నడి సెలవుల్లో, ఉదయం 10.42కు జీఎస్ఎల్‌వీ-ఎఫ్12 రాకెట్ దగ్గర్లోని శ్రీహరికోట నుంచి లేచింది. అలాంటి పూట పిల్లను డాబా మీదికి తీసుకెళ్లండి. నిప్పు కనబడుతుంది, చప్పుడు రాదు. ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టమనండి. నిమిషం దాటాక మోత వినబడుతుంది. శబ్దానికి కిలోమీటరు దాటడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. సెకన్లను మూడుతో భాగిస్తే రమారమి దూరం చేతికొస్తుంది. ఆ భాగహారాన్ని ఆ పిల్ల మర్చిపోదు. రాకెట్ లేని రోజున పులికాట్ ఉంది. ఎండలు ముదిరేసరికి ఉత్తరపు అంచున నీళ్లు ఎందుకు వెనక్కి పోతాయి, ఫ్లెమింగోలు ఎటెళ్లాయి? ఒక్కో ప్రశ్నా ఒక పాఠం.

మనసు ఎదగడం ఇంతకన్నా పెద్ద సంగతి. బడిలో తగువొస్తే టీచర్ తీరుస్తారు. వీధిలో పంటలు వేసుకుని ఆడేటప్పుడు పిల్లలే తీర్చుకోవాలి. ఎవరు దొంగ, చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా కలుపుకోవాలా వద్దా అన్నీ వాళ్ల తీర్పులే. అలిగి ఇంటికొచ్చిన పిల్ల మర్నాడు తానే మళ్లీ వెళ్తుంది. ఆ వెళ్లడాన్ని ఏ వర్క్‌షీటూ నేర్పదు. పులికాట్ తమిళ ఒడ్డున కొన్ని మత్స్యకార ఊళ్లలో 'పాడు' అనే కట్టుబాటుంది: మంచి వేటచోటు వంతులవారీగా దక్కుతుంది. ఇవాళ తన వంతు కాదని ఒప్పుకోగలగడం పెద్దయ్యాక హఠాత్తుగా రాదు, చిన్నప్పుడు ఉయ్యాల ఊగే వంతు దగ్గరే మొదలవుతుంది.

"ఏం తోచడం లేదమ్మా" అనగానే ఫోన్ చేతిలో పెట్టకండి. కాసేపాగితే అందులోంచే ఓ బొమ్మో, ప్రశ్నో, ఏడుపో వస్తుంది. ఏడుపొచ్చినా మంచిదే. మార్కుల కోసం ఏడాదంతా దాచుకున్న భయం అలా బయటపడుతుంది. ఆ వేళ పక్కన ఎవరో కూర్చోవాలి.

"శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు పోయే తల్లి ఎలా కూర్చుంటుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకు ఊరు పూనుకోవాలి. మూసిన బడి ఆవరణ పొద్దున, సాయంత్రం ఆటకు తెరవాలి. బీరువాలో తాళం పడ్డ కథల పుస్తకాలు ఇళ్లకు పోవాలి. కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు ఒకరు కావాలి. సెలవుల్లో బడి భోజనమూ ఆగిపోతుంది. కరువు ప్రాంతాల్లో వేసవిలోనూ పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఆకలి కరువు మండలాల జాబితా చూసుకుని రాదు కాబట్టి అన్నిచోట్లా పెట్టమని అడగాలి.

ఇక ఆ తల్లికి, తండ్రికి మిగిలేది అరగంట. అది చాలు. "ఇవాళ ఎన్ని పేజీలు రాశావు?" అని అడగొద్దు. "ఎవరితో ఆడావు, ఎక్కడ పేచీ వచ్చింది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.