గొట్టముల లెక్క

అణువిద్యుత్కేంద్రములను గూర్చి వాదము పుట్టినపుడెల్ల జనుల దృష్టి రియాక్టరు మీదనే నిలుచును. అందలి వేడిమిని మోయుచు ఆవరణమంతయు నల్లుకొనియుండు గొట్టములను గూర్చి పలుకువారరుదు. భూకంపము వచ్చినయెడల ఈ గొట్టములేమగునను ప్రశ్నపై ఇంజనీర్లు చేసిన కృషి పాఠకులెఱుగదగినది.

పూర్వము భూకంపపు తాకిడిని నిలుకడయైన బరువువలె నెంచి, గొట్టము ఒక్కపెట్టున వంగి కూలునను భయముతో కొలతలు నిర్ణయించెడివారు. 1980 దశకమున అమెరికాలో గొట్టపు మోచేతివంపులను, అతుకులను యంత్రములతో ఊపి పరీక్షించిరి. ముందు లెక్కించిన తాకిడికి పెక్కురెట్లు ఊపినను చాలవఱకవి కూలలేదు. లోపలి పీడనము వలన ఊపు ఊపునకు గోడ రవ్వంత ఉబ్బి, ఆ ఉబ్బు మరల తగ్గక, తుదకు పగులు పుట్టెను. ఇనుపతీగను అటునిటు వంచి త్రుంచు పిల్లవానికి తెలిసిన ధర్మమే యిది. లోహపు అలసట యన్న నిదియే. ఈ ఫలితములనుబట్టి అచటి మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారు 1994లో తమ నియమములను సడలించిరి. అణునియంత్రణాధికారులు వెంటనే ఒప్పుకొనలేదు. అదియే మేలని మా తలంపు. సడలింపు కోరువానిమీదనే రుజువు భారముండవలెను.

ఇంజనీర్ల మాట వట్టిది కాదు. 2007 జులై 16న జపానులోని కాషివజాకి-కరివా కేంద్రమును, అందలి 7 రియాక్టర్లతో, లెక్కకు మించిన భూకంపము కుదిపెను. ఒక ట్రాన్స్‌ఫార్మరు అంటుకొనెనే గాని ముఖ్యమైన రక్షణ గొట్టములకు చెప్పదగిన హాని కలుగలేదు.

అయినను అంతకు మూడేండ్ల ముందు, 2004 ఆగష్టు 9న, అదే దేశమున మిహామా కేంద్రపు మూడవ రియాక్టరుకు చెందిన గొట్టమొకటి భూకంపమేమియు లేకయే పగిలెను. వెలువడిన వేడినీరు, ఆవిరి ఐదుగురు పనివారి ప్రాణములు గొనెను. 10 మిల్లీమీటరుల మందము గల గోడ నీటి ఒరపిడికి కొన్నిచోట్ల 2 మిల్లీమీటరులైన మిగులక యరిగిపోయియుండెను. 1976లో కేంద్రము నడక మొదలిడినది మొదలు ఆ చోటు నొక్కమారైనను కొలిచినవారు లేరు. ఏల? పరీక్షింపవలసిన చోట్ల పట్టికలో దాని పేరు లేదు! మరి కొలది దినములలో కొలువనుండిరట. దావాలో దొంగ దస్తావేజుకంటె దాఖలు కాని దస్తావేజే తఱచు ఎక్కువ చెఱుపు చేయునని వకీళ్ళెఱుగుదురు.

పరీక్షలకెక్కునది తఱచు క్రొత్త గొట్టము; భూకంపము తాకునది ముప్పదియేండ్లు అరిగిన గొట్టము. జపాను పరిశోధకులు గోడను కావలెనని పలుచన చేసిన వంపులనుగూడ ఊపి చూచిరి. అరుగుదలతో ఓర్పు తగ్గుటయే గాక, తెగుచోటును తెగు తీరును మారెను. కావున మందము తెలియని గొట్టమును గూర్చి భూకంపమునకు తట్టుకొనునని హామీ యిచ్చుట ఊహయే.

శ్రీకాకుళము జిల్లా కొవ్వాడకు అణువిద్యుత్కేంద్రమును తలపెట్టియున్నారు. ఆ తీరపు జాలరులకు నిపుణుల ధైర్యవచనములు చాలవు. ఏ గొట్టము ఏయేట కొలిచిరో, మందమెంత మిగిలెనో, పట్టికకెక్కనిదేదో ఏటేట తెలుగున ప్రకటింపవలెను. ఈ షరతును పునాదికి ముందే అనుమతిపత్రమున చేర్పవలెనని కోరుచున్నాము.