ఈతకు నేలమీది బలం

మొన్న సాయంత్రం మా బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గర కాసేపు కూర్చున్నాను. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన బావి అది. దాన్ని బాగుచేసి, 2022 డిసెంబరులో మళ్ళీ జనం చూడడానికి తెరిచారు. ఆ నీళ్ళు చూస్తే మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. తెల్లవారకముందే గిలకమీద చేంతాడు వేసి ఇంటిల్లిపాదికీ నీళ్ళు తోడేది. డెబ్భయ్యేళ్ళు వచ్చినా ఆవిడ నడుం వంగలేదు. ఆవిడకు ఈత రాదు. నాకు ఈత వచ్చు. కాని పోయినేడు ఈత కొలనులోంచి ఒడ్డు పట్టుకుని పైకి లేవలేక, నిచ్చెన ఎక్కడుందా అని వెతుక్కున్నాను!

నేను ఈత నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. ఆరు నెలలు తిరక్కుండానే కుడి భుజం పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి లేవదు. ఇక మానేద్దామనే అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం, “మానకండి. కొన్నాళ్ళు తగ్గించి, ముందు బలం పెంచుకోండి” అన్నది.

ఆవిడ చెప్పిన లెక్క వినండి. 25 మీటర్ల కొలనులో ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు ఇరవై బారలు వేస్తామనుకుంటే, కిలోమీటరుకు ఎనిమిది వందల బారలు. అంటే ఒక్కొక్క భుజం నాలుగు వందలసార్లు తిరగాలి. రెక్క ఎముకను వెనకనుంచి పట్టి ఉంచే కండరాలు బలహీనంగా ఉంటే ఆ రాపిడంతా కీలుమీద పడుతుంది.

ఇంకొక సంగతి. నీళ్ళు మన బరువు మోస్తాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఈత హాయిగా ఉండేది అందుకే. కాని ఎముక గట్టిపడాలంటే దానిమీద బరువు పడాలి. ముట్లుడిగిన తర్వాత ఆడవాళ్ళ ఎముకలు త్వరగా పలచబడతాయి. ఒక్క ఈతతో ఆ లోటు తీరదు. మా అమ్మ డెబ్భై నిండకుండానే స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అమ్మమ్మ చేద తోడింది, అమ్మ కుళాయి తిప్పింది. తప్పంతా కుళాయిదేనని అనను గాని, చేతులకు పని పోయిన మాట నిజం.

“బరువులెత్తితే కండలు తిరిగి మగరాయుడిలా అవుతావే!” అన్నారు పక్కింటి పిన్నిగారు. ఆ భయం అక్కర్లేదు. మగవాళ్ళ కండలు పెంచే హార్మోను మనలో చాలా తక్కువ. వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే కసరత్తు చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020లో చెప్పింది.

నేను చేసేవి ఇవి: గోడకు చేతులానించి దండాలు, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి, చేద తోడినట్లు మోచేతులను వెనక్కి లాగడం, రెండు చేతులా నీళ్ళ సీసాలు పట్టుకుని మునివేళ్ళమీద లేవడం. ఒక్కొక్కటి పదిసార్లు, రెండు విడతలు. వారానికి రెండు రోజులు, మధ్య విరామం. తేలికైపోతే బరువు కొంచెం పెంచాలి. ఊపిరి బిగబట్టకూడదు. రక్తపోటు, ఎముకల జబ్బు, భుజం నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి.

వయసు దాటిపోయిందంటారా? సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల నలభై దాటాకనే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకనుంచి ధనుష్కోటికి పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో ఈదారు. మనకు సముద్రాలు అక్కర్లేదు. మన ఒడ్డు మనం ఎక్కగలిగితే చాలు.

నాలుగు నెలల తర్వాత ఒకనాడు, నిచ్చెనవైపు చూడకుండా ఒడ్డుమీద అరచేతులానించి పైకి లేచాను. ఇంటికొచ్చి పిన్నిగారికి చెబితే, ఆవిడ కాసేపు ఊరుకుని, మెల్లగా అడిగారు:

“ఆ రబ్బరు పట్టీ ఎక్కడ దొరుకుతుందే?”