ఆవు లేని బొమ్మలో రాబందు దిగదు

బడి గోడల మీద, ఆఫీసు గోడల మీద ఇప్పుడు అడవి బొమ్మలు వేయిస్తున్నారు. పచ్చని చెట్లు, వాగు, రెక్కలు విప్పిన పక్షి. చూడ ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ అడవిలో మనిషి ఉండడు, మంద ఉండదు, గుడిసె ఉండదు. మనం లేని అడవే అసలైన అడవని మన పిల్లలకే నేర్పే బొమ్మలివి. అడవి ఖాళీ చేయమనే మాటకు మొదటి మెట్టు ఇదే.

రాబందునే తీసుకుందాం. మన పెద్దలకు అది వింత పక్షి కాదు. చచ్చిన పశువును ఊరి బయట వేస్తే గుంపుగా దిగి ఎముకలే మిగిల్చేది. 1990ల నుంచి దేశమంతటా కుప్పకూలింది. దాన్ని చంపింది మన విల్లు కాదు, మన గొడ్డలి కాదు. పశువుల నొప్పికి పొడిచిన డైక్లోఫెనాక్ సూది. ఆ మందున్న కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అలాంటివే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను ఆపడానికి 2023 దాకా పట్టింది.

హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచుతున్నారు, మళ్లీ ఆకాశంలోకి వదలాలని. మన రాష్ట్రంలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనబడ్డాయి. సంతోషమే. రేపు అవి మన వైపూ వస్తే ఎక్కడ దిగుతాయి? గోడ మీది పచ్చని అడవిలో కాదు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల పక్కన, మహబూబాబాద్ తండాల పత్తి చేల అంచున, ట్రాక్టరొచ్చి ఎడ్లు తగ్గిన జనగామ పల్లెల్లో. ఆ నేలనే గీయాలి.

గీసే విద్య మన దగ్గర లేదా? జనగామ పక్కనే చెరియాలలో నకాషీలు కులాల కథలను గుడ్డ మీద వరుసగా గీస్తారు. కోయల పడిగె మీద ఇలవేల్పుల బొమ్మలుంటాయి, డోలీలు ఆ కథ పాడతారు. ఆ బొమ్మలు సింగారానికి పుట్టలేదు, జరిగింది చెప్పడానికి పుట్టాయి.

చచ్చిన ఆవు, సూది గీస్తే పిల్లలు జడుసుకుంటారని కొందరంటారు. పశువు చావు చూడని పిల్లలా మనవాళ్లు? వాళ్లకు తెలిసిన నిజాన్ని దాచి ఎవరిని కాపాడుతున్నాం?

టీచర్లకు ఒక్క మాట. బయటి నమూనా పెట్టి పిల్లలతో దించి రాయించకండి. ఇంటికి పంపి తాతను, అవ్వను అడిగి రమ్మనండి: రాబందును మన భాషలో ఏమంటారు, ఆఖరుసారి ఎక్కడ చూశారు? ఆ పేరు గోడ మీద రాయించండి. పక్షి పక్కన ఆవును, ఆవు పక్కన సూదిని, వాటి వెనక మట్టి గుట్టను, వీటన్నిటి నడుమ మన మనిషిని గీయించండి.