డప్పుకు ఇంగ్లీషు పేరు పెడితేనే గౌరవమా?

కాస్త పొడుగు పోస్టు, ఓపికగా చివరిదాకా చదవండి.

మొన్న నాయ్‌గావ్‌లో జరిగిన మన వేడుక ఖర్చుల లెక్క గ్రూపులో పెట్టారు. డ్రమ్స్ వాయించిన అబ్బాయి 'కళాకారులు' కింద ఉన్నాడు. పేరు పక్కన 'పర్కషన్' అని కూడా రాశారు. సంతోషం. ఊరేగింపు ముందు రెండు గంటలు ఎండలో డప్పు కొట్టిన నలుగురు మాత్రం 'కూలీ, ఇతర ఖర్చులు' కింద ఉన్నారు. పేర్లు కూడా లేవు. అడిగితే ఒక అన్న, "అది పర్కషన్, ఇది డప్పు. రెండూ ఒకటేనా?" అన్నాడు.

ఒకటే అన్నా. పర్కషన్ లాటిన్ నుంచి వచ్చిన మాట. మూలంలో దాని అర్థం గట్టిగా కొట్టడం, అంతే. 1761లో వియన్నాలో ఆవెన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు, రోగి ఛాతీ మీద వేళ్లతో తట్టి ఆ చప్పుడును బట్టి లోపలి జబ్బు పసిగట్టే పద్ధతిని పుస్తకంగా రాశాడు. దాన్నీ పర్కషన్ అనే అంటారు. పాత తుపాకుల్లో సుత్తి దెబ్బకు పేలే చిన్న మూతకూ అదే పేరు. డాక్టరు వేలైనా, తుపాకీ అయినా, తబలా అయినా, డప్పయినా అక్కడ జరిగే పని దెబ్బే.

పోనీ మన శాస్త్రం చూద్దాం. నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు రకాలు చేసింది: తీగలవి తతం, ఊదేవి సుషిరం, చర్మం బిగించినవి అవనద్ధం, తాళాల్లాంటివి ఘనం. ఆ లెక్కన మృదంగం, డప్పు ఒకే వరుస. గుమ్మం బయట నిలబెట్టింది మనమే.

కోస్తాలో పలక, తప్పెట అంటారు. తెలంగాణలో డప్పు. ఇక్కడ మరాఠీలో హలగీ. కన్నడలో హలగె అంటే చెక్కపలక, ఈ వాద్యం కూడా. మన పాలు వాళ్లకు హాలు, మన పులి హులి అయినట్టే పలక హలగె అయింది. మూడు భాషలు కలిసే మన సరిహద్దు ఊళ్లలో ఈ వాద్యానికి అందరితో చుట్టరికం ఉంది.

"పేరులో ఏముంది" అనకండి. తమిళంలో పఱై అంటే డప్పు. దాన్ని వాయించే కులం పేరు ఇంగ్లీషుకెక్కి, వెలివేసినవాడు అనే అర్థంలో స్థిరపడింది. మనమేం తక్కువ తిన్నాం? గొప్పలు చెప్పుకునేవాణ్ణి 'సొంత డప్పు' అంటాం.

డప్పు వెట్టికి గుర్తు, వదిలేద్దామనే మన పిల్లల కోపం న్యాయమైనదే. కూలి లేకుండా చావుకు కొట్టమంటే కొట్టమన్నవాళ్లకు నా దండం. వాళ్లు తిప్పికొట్టింది బలవంతాన్ని. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ ఉద్యమం దండోరా అనే పేరుతోనే నిలబడింది, డప్పునే తన గొంతు చేసుకుంది.

మంటకు కాచి చర్మం బిగువు చూసుకోవడం, ఒక చేత చిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టడం, పెళ్లికో దరువు, చావుకో దరువు వేయడం. ఇది ఉత్త కూలీ పనే అయితే, లెక్క రాసిన అన్న ఒక్క దరువు వేసి చూపించాలి.

అడిగేది మూడే. లెక్క తిరగరాసి ఆ నలుగురి పేర్లు కళాకారుల కింద పెట్టండి. డ్రమ్స్ అబ్బాయికి ఇచ్చినంత వాళ్లకూ ఇవ్వండి. వచ్చే ఏడు వాళ్లను వేదిక ఎక్కించండి. పేరు పక్కన పర్కషన్ అని రాయనక్కర్లేదు. డప్పు అనే రాయండి.